రేవు మాట ఎత్తొద్దన్నారు

మార్చి 14, 1981. శనివారం.

నాన్నగారు పొద్దున్నే షేవ్ చేసుకుని, వూలు కోటు వేసుకుని, టై కట్టుకుని ఫామిలీ రూమ్‌లో కూర్చున్నారు. ఎక్కడికీ వెళ్లేది లేదు. ఎవరూ వచ్చేది లేదు. బయట, డెట్రాయిట్ పక్కన ఈ ఫార్మింగ్టన్ హిల్స్ అంతా మురికి మంచు. టీవీలో గేమ్ షో. ఎవరైనా కరెక్ట్ ఆన్సర్ చెబితే సభలోలాగా హియర్ హియర్ అంటారు. తాలూకా బోర్డు మాజీ ప్రెసిడెంటు, మద్రాసు కౌన్సిల్ మాజీ మెంబరు, రావు సాహెబ్ కృపావరం గారు. వయసు ఎనభై అయిదు. ప్రస్తుతం నా ఇంట్లో, నా నెత్తి మీద.

నా ఫ్రెండ్ నళిని ఫోన్ చేసింది. జూలై ఫోర్త్ వీకెండ్‌లో డెట్రాయిట్‌లో తెలుగువాళ్ల కాన్ఫరెన్స్ పెడుతున్నారట. సావనీరుకి వాళ్లాయన జగన్మోహన్ ఎడిటరు. అక్కా, మీ నాన్నగారు బ్రిటిష్‌వాళ్ల టైమ్‌లో పెద్ద లీడర్ కదా, ఆయన లైఫ్ గురించి నాలుగు పేజీలు రాసివ్వు అంది. ఇక్కడ తెలుగు టైప్‌రైటరు లేదు కాబట్టి సావనీరంతా నళినే తన చేత్తో ఫెయిర్ కాపీ రాస్తుందట, దాన్నే ఆఫ్‌సెట్‌లో వేయిస్తారట. దాని అక్షరాలు గుండ్రంగా, బళ్లో పంతులు దిద్దించినట్టు ఉంటాయి.

వెంటనే ఒప్పుకున్నాను. నిజం చెప్పాలంటే నాన్నగారి కోసం కాదు, అమ్మ కోసం. కరుణమ్మ అనే పేరు సమాధి రాయి మీద తప్ప ఎక్కడా లేదు. నాన్నగారి గురించి రాస్తే గొల్లలంక రేవు గురించి రాయాలి. రేవు గురించి రాస్తే అమ్మ పేరు రాయక తప్పదు. అది ఒక్కసారి అచ్చులో చూడాలి నాకు. ఇంకేం అక్కర్లేదు.

మార్చి 17.

పొద్దున డ్యూటీకి వెళ్లేముందు నాన్నగారికి బీపీ చూస్తాను. అదే టైమ్‌లో ఇంటర్వ్యూ కూడా కానిచ్చేద్దామనుకున్నాను. చేతికి కఫ్ చుట్టి, రేవు గొడవ ఏ సంవత్సరం నాన్నగారూ అని అడిగాను. ఆ ప్రశ్నకి నోటీసు కావాలి అన్నారు.

తమాషాకేమో అని మొహం చూశాను. కాదు. కౌన్సిల్‌లో ఏ ప్రశ్నయినా ముందుగా కాగితం మీద రాసివ్వాలట, లేకపోతే జవాబు ఇవ్వనక్కర్లేదట. ఇంట్లోనూ అదే రూలు. రేపు పొద్దుటి ప్రశ్నలు ఇవాళ సాయంత్రంలోగా అందజేయాలి.

వార్డులో ఎనిమిది గంటలు నిలబడి వచ్చి, వంట చేసి, సొంత తండ్రికి నోటీసు రాస్తూ కూర్చున్నాను.

మార్చి 18.

మొదటి ప్రశ్న: రేవు వేలం పాటలో షరతు పెట్టింది మీరేనా? జవాబు: అవును.

రెండో ప్రశ్న: ఎందుకు పెట్టారు? జవాబు: మొదటి ప్రశ్న జవాబు చూడుడు.

మూడో ప్రశ్న: అందులో అమ్మ ఏం చేసింది? జవాబు: ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు.

ఇది విని మావారు అన్నం తింటూ పొలమారేలా నవ్వారు. ఈయనకి మామగారు ఏం చేసినా నవ్వే. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

మార్చి 29. ఆదివారం.

చర్చి నుంచి వస్తుంటే కార్‌లో, నేను అడక్కుండానే, నోటీసు గీటీసు ఏమీ లేకుండా, మొదలుపెట్టారు. రూజ్ నది బ్రిడ్జి దాటుతున్నాం. కింద నీళ్లు చూసి ఏం గుర్తొచ్చిందో. ఇంటికి రాగానే కోటు కూడా విప్పకుండా రాసుకుంటున్నాను.

మేం మాలవాళ్లం. డైరీలోనే కదా, రాసుకుంటే ఏం. ఈ ఊళ్లో పదేళ్లుగా ఎవరితోనూ అనలేదు, ఎవరూ అడగలేదు. క్రిస్టియన్స్ అంటే సరే అనుకుని ఊరుకున్నారు. మా తాత బాప్తిస్మం తీసుకున్నాడు, మిషన్‌వాళ్లు నాన్నగారికి చదువు చెప్పారు, కానీ గొల్లలంక రేవు మాత్రం బాప్తిస్మం తీసుకోలేదు. గోదావరి పాయ దాటాలంటే ఒకటే పడవ. ఊళ్లోవాళ్లందరూ ఎక్కి దిగాక, పడవ ఖాళీ అయ్యాక, పడవవాడికి మనసు పుడితే మా వాళ్లు ఎక్కాలి. స్కూల్ ఫైనల్ పరీక్ష రోజున నాన్నగారు పొద్దుటినించి ఒడ్డున నిలబడి, నిలబడి, ఆఖరికి పుస్తకాలు నెత్తికి కట్టుకుని ఈదారు. తడి బట్టలతోనే పరీక్ష రాశారు.

తర్వాత ఆయనే తాలూకా బోర్డు ప్రెసిడెంటు అయ్యారు. రేవుని ఏటా వేలం వేసేది బోర్డే. ఆ యేడు పాటలో ఒక షరతు పెట్టారు: ముందు వచ్చినవాడు ముందు ఎక్కాలి, ఎవడైనా సరే. ఒక్కడంటే ఒక్కడు పాటకి రాలేదు. సరే అని బోర్డే పడవ నడిపింది. అప్పుడు ఊరు ఊరంతా ఆ పడవ ఎక్కడం మానేసింది. చుట్టు తిరిగి పై రేవు నుంచి దాటేవాళ్లు. ప్రెసిడెంటు బోర్డు ఖర్చుతో ఖాళీ పడవ తిప్పుతున్నాడని కలెక్టరుకి పిటిషన్ల మీద పిటిషన్లు. పడవ ఖాళీగా ఉండటం కలెక్టరు కంటపడితే షరతు ఎగిరిపోతుంది. మా వాళ్లేమో పొద్దంతా కూలికి పోవాలి. పడవలో కూర్చునేదెవరు?

అమ్మ కూర్చుంది. వర్షాకాలమంతా. ఒక గొడుగు, ఒక చెంబు, చేతిలో అల్లిక. అటు ఒడ్డుకి, మళ్లీ ఇటు ఒడ్డుకి. ఒడ్డు మీద నుంచి తిట్టేవాళ్లు. పేడ విసిరేవాళ్లు. అమ్మ చీర ఉతుక్కుని మర్నాడు మళ్లీ వెళ్లేది. వరద వచ్చి పై రేవు మూసేసినప్పుడు, ఊళ్లోంచి ఒకావిడ జ్వరంతో కాలిపోతున్న పిల్లని ఎత్తుకుని పరిగెత్తుకుంటూ వచ్చి పడవ ఎక్కింది. అమ్మ పక్కన కూర్చుంది. అమ్మ ఆ పిల్ల నెత్తిన గొడుగు పట్టింది. ఆ మర్నాటినించి ఊరంతా ఎక్కారు. ఇదంతా నాకు చెప్పింది అమ్మే, నేను నర్సింగ్‌లో చేరిన యేడు.

ఇవాళ కార్‌లో నాన్నగారు చెప్పిన వెర్షన్‌లో షరతు ఉంది, కలెక్టరు ఉన్నాడు, పిటిషన్లు ఉన్నాయి, కౌన్సిల్‌లో ఆయన ఇచ్చిన స్పీచ్ ఉంది. అమ్మ గురించి ఒకే ఒక మాట అన్నారు. మీ అమ్మ కూడా కొంత సహకరించింది, అని.

కొంత!

ఏప్రిల్ 11. శనివారం.

నళినీ వాళ్లింట్లో ఉగాది పాట్‌లక్. నేను చికెన్ పలావు పట్టుకెళ్లాను, అది ముందుగా అయిపోయింది. బేస్‌మెంట్‌లో మగాళ్లంతా నాన్నగారి చుట్టూ చేరారు. కార్ల కంపెనీల లే ఆఫ్స్ గురించి మాట్లాడి మాట్లాడి విసుగెత్తినట్టుంది. జగన్మోహన్ హార్ట్ డాక్టరు కాబట్టి ఆయనకి లే ఆఫ్ భయం లేదు, ఆయనే పాత రోజుల మాట ఎత్తాడు. ఉప్పు సత్యాగ్రహం అప్పుడు మీరెక్కడున్నారండీ అని అడిగాడు. నాన్నగారు టై సర్దుకుని, ఆ యేడు రాజమండ్రి జైలు కూడు నేనూ తిన్నాను బాబూ, జొన్న సంకటి, నీళ్ల పప్పు, అన్నారు. అందరూ నోళ్లు తెరిచారు. సరిగ్గా అప్పుడే పైనుంచి నళిని, భోజనాలకి రండి అని కేకేసింది. ఇంకేముంది, అందరూ మెట్లెక్కేశారు.

మిగతా సగం నాకు తెలుసు. నాన్నగారు జైలుకి వెళ్లింది విజిటరుగా. సర్కారు వేసిన విజిటరు. నెలనెలా వెళ్లి, ఖైదీల కూడు రుచి చూసి బాగుందో లేదో చెప్పాలి. సత్యాగ్రహులు ఆయన్ని చూడగానే గోడవైపు తిరిగి కూర్చునేవాళ్లు. ఆయన పోరు పెట్టి వాళ్లకి మజ్జిగ శాంక్షన్ చేయించారు. మజ్జిగ తాగారు గానీ ఇటు తిరగలేదు.

ఏప్రిల్ 12.

జగన్మోహన్ ఫోన్. ఇంత త్యాగం చేసి ఇన్నాళ్లూ ఒక్క ముక్క చెప్పలేదేమిటండీ అన్నాడు. కాన్ఫరెన్స్‌లో స్టేజి మీద నాన్నగారికి శాలువా కప్పుతారట. స్వాతంత్ర్య సమరయోధుడికి సన్మానం, అదీ జూలై ఫోర్త్, ఇక్కడి ఇండిపెండెన్స్ డే రోజున, ఎంత బాగా కుదిరిందో చూడండి అని మురిసిపోతున్నాడు.

విడమరిచి చెప్పాను. ఆయన విజిటరండీ, ఖైదీ కాదు, కాంగ్రెస్ మనిషే కాదు, ఊరంతా సైమన్ గో బ్యాక్ అని అరుస్తుంటే రైల్వే స్టేషన్‌లో దండ పట్టుకుని నిలబడ్డ మనిషి అని చెప్పాను. ఆ కమిషన్‌కి రేవు సంగతి చెప్పడానికే వెళ్లారని కూడా చెప్పాను. జగన్మోహన్ నవ్వాడు. జైలు లోపలికి వెళ్లారా లేదా, కూడు తిన్నారా లేదా అన్నాడు. ఫ్లయర్ ప్రింటుకి వెళ్లిపోయిందట.

నాన్నగారితో చెప్పాను. మీరైనా ఫోన్ చేసి కాదనండి అన్నాను. చూద్దాం అన్నారు.

మే 2.

వ్యాసం పూర్తయింది. నాలుగు పేజీలు. బ్రిటిష్‌వాళ్లిచ్చిన రావు సాహెబ్ బిరుదూ దాచలేదు, స్టేషన్‌లో దండా దాచలేదు, జైల్లో గోడవైపు తిరిగినవాళ్లనీ దాచలేదు. పందొమ్మిది వందల ముప్పై అయిదులో జిల్లా బోర్డు ఎలక్షన్‌లో ఓడిపోవడం, ఆ రాత్రి మా పెంకుల మీద రాళ్లు పడటం, ఒకటి అమ్మ కనుబొమ్మకి తగలడం, అన్నీ రాశాను. అప్పుడు నాకు ఆరేళ్లు. మంచం కింద దూరాను. రెండు పేజీలు పూర్తిగా రేవే. అమ్మ పేరు ప్రతి పేజీలో ఉండేలా చూసుకున్నాను.

ఈయనకి చదివి వినిపించాను. చాలా బాగుంది అన్నారు. చేయి కడుక్కుని వచ్చి, మాలపల్లి అనే మాట ఉండాలా అన్నారు. ఊళ్లో పేదవాళ్లు అంటే సరిపోదా అన్నారు. పేదవాళ్లని పడవ ఎక్కనివ్వకపోవడం ఏమిటి సత్యానందం, డబ్బిస్తే ఎవరైనా ఎక్కిస్తారు, అసలు సంగతి అది కాదు కదా అన్నాను. పేరు పెట్టి పిలిస్తే నాకు కోపం వచ్చిందని ఈయనకి తెలుసు. నీ ఇష్టం అని గరాజ్‌లోకి వెళ్లిపోయారు. గరాజ్‌లో ఏం పనుందో ఆ ప్రభువుకే తెలియాలి.

మే 17. ఆదివారం.

జగన్మోహన్, నళిని మధ్యాహ్నం వచ్చారు. కాఫీ ఇచ్చాను. వ్యాసం సూపర్‌గా ఉందండీ అంటూ మొదలుపెట్టాడు. ఆ అనడంలోనే తెలిసిపోయింది. సావనీరు పిల్లలు కూడా చదువుతారు, ఈ కులాల గొడవలన్నీ ఇండియాలో వదిలేసి వచ్చాం, ఇక్కడ మనమందరం ఒకటే కదా అన్నాడు. అందరం ఒకటే అయితే రేవు కథ వేయడానికి అడ్డేమిటండీ అన్నాను. గొల్లలంక రేవు బాగు చేయించారు అని ఒక లైన్ ఉంచుతాం అన్నాడు. రేవు బాగు చేయించడానికి ఆయన మేస్త్రీ కాదు అన్నాను. వేస్తే మొత్తం వేయండి, లేకపోతే నా కాగితాలు నాకిచ్చేయండి అన్నాను. ఆఖరికి, సరేనండీ, మీ మాటే కానివ్వండి, మొత్తం వేస్తాం అన్నాడు.

గెలిచాను. గెలిచిన సంతోషం పది నిమిషాలు కూడా లేదు.

నాన్నగారు పక్క గదిలోనే ఉన్నారు, అంతా వినపడుతుంది. టీవీ మీంచి కళ్లు తిప్పలేదు. ఆయన కోసం నేను దెబ్బలాడుతుంటే ఒక్క మాట సాయం రాలేదు.

ఇంకోటి. నళిని పదేళ్లుగా నన్ను అక్కా, నువ్వు అంటుంది. ఇవాళ వెళ్తూ వెళ్తూ, వస్తామండీ దెబోరా గారూ, మీరు ఒకసారి రండి అంది. కాఫీ సగమే తాగింది.

జూన్ 6.

నళిని ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు.

జూన్ 13.

మా అమ్మాయి రూతు ఏడుస్తూ వచ్చింది. కాన్ఫరెన్స్‌లో పిల్లల డాన్స్ ఉంది. మొదటి రోజునుంచీ అది ముందు వరసలో, జగన్మోహన్ కూతురు మీనా పక్కన. ఇవాళ వెనక వరసకి మార్చారట. నువ్వు టాల్, అందుకే అన్నారట. మీనా దీనికంటే పొడుగు.

పదహారేళ్ల పిల్ల. ఇట్స్ నాట్ ఫెయిర్, వై మామ్, వై అని ఒకటే గొడవ. ఏం చెప్పాలి? రేవు సంగతి చెప్పనా? దాని వయసులో మా నాన్నగారు నీళ్లలో ఈదారని చెప్పనా? ఈయన పేపరు వెనక దాక్కున్నారు. ఎవరి పని ఇది అని నేను ఎవర్ని అడగను? అడిగితే హైటే కదండీ అంటారు. నిజంగా హైటేనేమో కూడా. ఆ అనుమానమే తినేస్తోంది.

చివరికి అది వాళ్ల తాతయ్య దగ్గరకెళ్లి కూర్చుని, సగం ఇంగ్లీషు సగం తెలుగు కలిపి అంతా చెప్పింది. ఆయన టీవీ ఆపేశారు. ఆయన టీవీ ఆపడం నేనెప్పుడూ చూడలేదు.

జూన్ 21.

రూతు మళ్లీ ముందు వరసలోకి వచ్చింది. ఎవరో పిల్లకి కాలు బెణికిందట. పోనీలే, దేవుడున్నాడు.

జూలై 3. శుక్రవారం, సాయంత్రం.

రిజిస్ట్రేషన్ టేబుల్ దగ్గర సావనీరు చేతిలో పెట్టారు. హోటల్ లాబీలో నిలబడే తిరగేశాను. నాలుగు పేజీలు లేవు. అర పేజీ. నాన్నగారి ఫోటో, కింద స్వాతంత్ర్య సమరయోధులు శ్రీ కృపావరం గారు. రావు సాహెబ్ లేదు. కౌన్సిల్ లేదు. రేవు లేదు. రాజమండ్రి కారాగారంలో జొన్న సంకటి తిని దేశమాత సేవ చేశారట.

అమ్మ ఉంది. ఒక వాక్యం. ఆయన కారాగారవాసంలో ఉన్నన్నాళ్లూ ధర్మపత్ని శ్రీమతి కరుణమ్మ గారు ఒంటిచేత్తో సంసారాన్ని ఈదుకొచ్చారు.

నళిని గుండ్రటి అక్షరాల్లో మా అమ్మ పేరు. ఇన్నాళ్లూ అడిగింది ఇదే కదా నేను. అచ్చులో అమ్మ పేరు. ఇదిగో.

సావనీరుని లాబీలో చెత్తబుట్టలో వేశాను. ఎస్కలేటరు దాకా వెళ్లి, వెనక్కి వచ్చి తీసుకున్నాను. అమ్మ పేరుంది మరి.

జూలై 4. పొద్దున ఆరు.

రాత్రి ఈయనతో చెప్పి ఏడ్చాను. ఈయన వీపు నిమిరారు. ఒక్కటే అన్నారు. రేపు ఆయన చేతికి మైకు ఇస్తారు కదా, ఆయన చెప్పుకోవాలంటే ఆయనే చెప్పుకుంటారు అన్నారు. అవును. అది నాకు తట్టనే లేదు. ఆయన జీవితమంతా మైకు ముందే గడిచింది. ఈ శాలువా నాది కాదు అని ఒక్క మాట అంటే చాలు. నాన్నగారు అంటారు. అబద్ధానికి చేయి చాచే మనిషి అయితే ముప్పై అయిదులోనే కాంగ్రెస్‌లో చేరి గెలిచేవారు.

పక్క గదిలో బూట్లు పాలిష్ చేసుకుంటున్నారు. బ్రష్ చప్పుడు వినిపిస్తోంది.

జూలై 4. సాయంత్రం.

పిల్లల డాన్స్ అయింది. రూతు ముందు వరసలో, సరిగ్గా మధ్యలో. బాగా చేసింది.

తర్వాత నాన్నగారిని పిలిచారు. ఈయన ఆయన చేయి పట్టుకుని స్టేజి ఎక్కించారు. జగన్మోహన్ పరిచయం చేశాడు, గొంతు జీరపోయేలా. పాపం, నటన కాదు, నిజంగానే కదిలిపోయాడు. శాలువా కప్పారు. దండ వేశారు. మైకు ఇచ్చారు.

నాన్నగారు హాలంతా ఒకసారి కలయజూశారు. మిస్టర్ ప్రెసిడెంట్, లేడీస్ అండ్ జెంటిల్మెన్ అన్నారు. గొంతు ఎక్కడినించి వచ్చిందో, ఇంట్లో మంచినీళ్లు అడిగే గొంతు కాదు. రాజమండ్రి జైల్లో ముప్పయ్యో సంవత్సరంలో ఇచ్చిన మజ్జిగ రుచి తాను ఈ రోజుకీ మర్చిపోలేదు అన్నారు. అంతే. నమస్కారం పెట్టారు.

హాలు హాలంతా లేచి నిలబడి చప్పట్లు. నళిని కళ్లొత్తుకుంటోంది. ఈయన స్టేజి మీదే నిలబడి చప్పట్లు. రూతు రెండు వేళ్లు నోట్లో పెట్టి విజిల్ వేసింది. నేను కూర్చుండిపోయాను. కాసేపటికి ముందున్న వీపులు తప్ప ఏమీ కనిపించక నేనూ లేచాను. చప్పట్లు మాత్రం కొట్టలేదు.

జూలై 5.

ఇంటికొచ్చాం. ఉండబట్టలేక నళినికి ఫోన్ చేశాను. నోటికొచ్చినట్టు తిట్టాను. పదేళ్ల స్నేహానికి ఇదా, మా అమ్మ గురించి ఆ అబద్ధం రాయడానికి నీకు చేయి ఎలా వచ్చింది అన్నాను. అది అవతల ఏడుస్తూ విన్నది. అంతా విన్నాక చెప్పింది. అక్కా అంది మళ్లీ.

నాలుగు పేజీలూ ఫెయిర్ కాపీ రాసేసిందట. రేవు, పడవ, గొడుగు, అన్నీ. మీ అమ్మగారి దగ్గర రాస్తుంటే నాకు ఏడుపొచ్చింది అక్కా అంది. ప్రింటరుకి ఇచ్చే ముందు రోజు నాన్నగారే వాళ్లాయనకి ఫోన్ చేశారట. ఆ నాలుగు పేజీలూ తీసేయండి, రేవు మాట ఎత్తొద్దు, నేను చెప్పింది రాసుకోండి అన్నారట. నళినే ఫోన్ పట్టుకుని రాసుకుందట. ఆయన డిక్టేట్ చేశారు, ప్రతి ముక్కా. అమ్మ వాక్యం కూడా ఆయనదే. చివర్లో, మా మనవరాలు ఏ వరసలో నిలబడుతోందమ్మా అని అడిగారట. జగన్మోహన్‌కి చెమటలు పట్టాయట. మర్నాడే రూతుని ముందుకి మార్చారట. ఎవరి కాలూ బెణకలేదు.

ఫోన్ పెట్టేసి నాన్నగారి గదిలోకి వెళ్లాను. శాలువా మడత పెట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. నోటీసు లేకుండా అడిగాను. అరిచాను. మనవరాలి డాన్స్ కోసం అమ్మని అమ్మేశారా అన్నాను.

ఆయనకి కోపం రాలేదు. రేవు కథ వేస్తే మిమ్మల్ని పడవ ఎందుకు ఎక్కనివ్వలేదు అని అడుగుతారు, ఎందుకో చెబితే ఆ పిల్ల ఎక్కడ నిలబడాలో వాళ్లు చెబుతారు అన్నారు. మీ అమ్మ వర్షంలో పడవలో కూర్చున్నది ఎందుకు, మన పిల్లలు ముందు ఎక్కాలనే కదా, పిల్ల ఎక్కింది, ఇంకేం కావాలి అన్నారు.

కౌన్సిల్‌లోనూ ఇలాగే నోళ్లు మూయించేవారు కాబోలు. అది ఎక్కడం కాదు నాన్నగారూ, మనం ఎవరమో చెప్పకుండా ఎక్కితే అది ఎక్కడం ఎలా అవుతుంది అని ఇప్పుడు, డైరీలో, తోస్తోంది. అప్పుడు ఏడుపు తప్ప ఏమీ రాలేదు.

నేను తలుపు దాకా వచ్చాక ఇంకో మాట అన్నారు. ఓడిపోయిన తర్వాత ఇన్నేళ్లలో ఒక సభ నా కోసం లేచి నిలబడింది తల్లీ, అదైనా నాకు ఉండనివ్వు అన్నారు.

రూతు కోసమో, చప్పట్ల కోసమో. ఏది ముందో ఆయనకైనా తెలుసో లేదో.

జూలై 11.

ఈయన అంటారు, ఎవరికీ నష్టం లేదు కదా, అందరూ సంతోషంగా ఉన్నారు, నువ్వే ఎందుకు కుమిలిపోతావు అని. అదే కదా నా కడుపుమంట. అందరూ సంతోషంగా ఉన్నారు.

జూలై 18.

ఇవాళ నాలుగు పేజీల కాపీ నళిని తెచ్చి ఇచ్చింది. తను రాసిన ఫెయిర్ కాపీ. పారేయబుద్ధి కాలేదు అక్కా అంది. కాఫీ పూర్తిగా తాగింది. మీ కులం సంగతి నాకు అక్కర్లేదు అంది, ఏదో పెద్ద మనసు చేసుకుని క్షమిస్తున్నట్టు. కప్పు తీసుకెళ్లి కడిగాను.

రూతుని కూర్చోబెట్టి ఆ నాలుగు పేజీలూ చదివి వినిపించాను. అది తెలుగు చదవలేదు కదా. బుద్ధిగా విన్నది. అమ్మమ్మ వాజ్ సో బ్రేవ్ అంది. తర్వాత, ఇది మీనాకి చెప్పొచ్చా అని అడిగింది. చెప్పు అందామనే నోరు తెరిచాను. తలుపు దగ్గర నాన్నగారు నిలబడి ఉన్నారు. ఆలోచించి చెబుతానమ్మా అన్నాను.

నా మాట నాకే అసహ్యం వేసింది.

ఆగస్టు 1.

చికాగో తెలుగువాళ్ల నుంచి ఫోన్. ఆగస్టు పదిహేను ఫంక్షన్‌కి స్వాతంత్ర్య సమరయోధుడు కావాలట. డెట్రాయిట్‌లో విన్నవాళ్లెవరో చెప్పారట. రిసీవర్ నేను ఎత్తేలోపే తన గదిలో ఉన్న ఎక్స్‌టెన్షన్‌ ఫోన్‌లో నాన్నగారు ఒప్పేసుకున్నారు. ఎన్ని నిమిషాలు మాట్లాడాలి అని అడుగుతున్నారు. ఇరవై అంటే, అరగంట చేయండి అన్నారు.

అరగంటలో ఏం చెబుతారో. ఎన్నేళ్లు జైల్లో ఉన్నారో అప్పటికి.

నేను రాను అన్నాను. ఈయన డ్రైవ్ చేస్తారట.

ఆగస్టు 13.

నాన్నగారు గాంధీ టోపీ కావాలన్నారు. ఖద్దరు దొరకలేదు. తెల్ల పిల్లోకేసు కత్తిరించి కుట్టాను. తలకి సరిపోయింది. కొంచెం పక్కకి వాల్చి పెట్టమన్నారు. పెట్టాను.